బ్రేకు అరిగిందా, అరిగిందన్నారా?

తడ దగ్గర హైవే పక్కన కారు ఆపి "బ్రేకేస్తే ఏదో గీరినట్టు వినబడుతోంది, కాస్త చూడు" అంటే రెండు రకాల జవాబులు రావచ్చు. ఒక షెడ్డులో "ఏం గాదు సార్, రాత్రి తడికి డిస్కు తుప్పు పట్టింది, నాలుగు బ్రేకులేస్తే పోద్ది" అంటారు. పక్క షెడ్డులో "ప్యాడ్లు అయిపోయినాయి, డిస్కులు గూడా మార్చాల, ఇట్టనే ఘాటెక్కుతారా సార్?" అంటారు. తిరుమలకని బయలుదేరి వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకున్న మనిషి ఆ నిమిషంలో డబ్బు లెక్క వేయడు. ఏసీలో గ్యాసు తగ్గిందంటే "తర్వాత చూద్దాంలే" అనేవాడే బ్రేకు మాట ఎత్తగానే పర్సు తీస్తాడు. ఈ భయం మెకానిక్కుకు తెలుసు. తనకు భయమేస్తున్న సంగతి మెకానిక్కుకు తెలుసని బండి యజమానికీ తెలుసు. పని నిజంగా అవసరమైనప్పుడు కూడా అనుమానం వదలకపోవడానికి కారణం ఇదే.

మెకానిక్ చెప్పిన పని అవసరమా కాదా అన్న ప్రశ్న వెంట ఎనభై ఏళ్లకు పైగా పత్రికలవాళ్లు, ప్రభుత్వాలు, ఆర్థికవేత్తలు పడుతూనే ఉన్నారు. అదంతా ఒకచోట పెట్టి చూస్తే నాకు రెండు విషయాలు తోస్తాయి. మిగతా మరమ్మతులతో పోలిస్తే బ్రేకు విషయంలో మెకానిక్ నిజాయితీని తూచాల్సిన పని తక్కువ, ఎందుకంటే అరిగిన భాగాన్ని స్కేలు పెట్టి కొలవచ్చు. రెండోది, మోసపోతామేమోనని మనం పడే భయం కన్నా, అరిగిన భాగం ఎవరి కంటా పడకుండా ఉండిపోవడం పెద్ద ప్రమాదం.

ముందు ఊరి సంగతి. తడ ఆంధ్ర, తమిళనాడు సరిహద్దున 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. జీఎస్టీ రాకముందు భీమునివారిపాలెం చెక్‌పోస్టు దగ్గర లారీలు బారులు తీరేవి. లారీలు ఆగినచోట టీ కొట్లు, పంక్చరు షాపులు, లైనింగు కొట్టేవాళ్లు చేరతారు. 2008లో శ్రీసిటీ మొదలయ్యాక చెన్నై నుంచి వచ్చిపోయే కార్లు పెరిగాయి. 2016లో ఇసుజు కంపెనీ అక్కడే వాహనాల తయారీ కూడా మొదలుపెట్టింది. బండ్లు తయారయ్యే చోటికి కూతవేటు దూరంలో ఉన్నా, రోడ్డు పక్క షెడ్డుకు వచ్చే గిరాకీలో ఎక్కువమంది దారిన పోయేవాళ్లే. వాళ్లు మళ్లీ వస్తారన్న నమ్మకం లేదు. రేపు మొహం చూడాల్సిన అవసరం లేని మనిషికి ఏం చెప్పాలి? ఈ ప్రశ్న దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇక్కడి గాలిది ఇంకో కథ. పులికాట్ సరస్సు మీదుగా, సముద్రం మీదుగా వచ్చే గాలిలో ఉప్పు, తేమ రెండూ ఉంటాయి. బ్రేకు డిస్కు పోత ఇనుముతో చేసింది, దానికి రంగు వేయరు. ఒక్క రాత్రి ఆరుబయట పెడితే చాలు, పొద్దుటికి దాని మీద కాషాయ రంగు పొర పడుతుంది. మొదటి నాలుగైదు బ్రేకులకు గరగరమని చప్పుడు వచ్చి ఆ పొర రాలిపోతుంది. దాన్ని చూపించి డిస్కు మార్చాలన్నవాడి మాట నమ్మనక్కర్లేదు. అయితే అదే ఉప్పు కంటికి కనబడని చోట అసలు నష్టం చేస్తుంది. ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే పిన్నుల మీద రబ్బరు తొడుగు చిరిగితే తేమ లోపలికి పోయి పిన్ను బిగుసుకుంటుంది. అప్పుడు లోపలి ప్యాడు ఒక్కటే అరుగుతుంది, బయటిది కొత్తదానిలా ఉంటుంది. చక్రం ఊచల సందులోంచి తొంగి చూసి "ప్యాడు బ్రహ్మాండంగా ఉంది" అనుకునేవాళ్లు చూసేది ఆ బయటి ప్యాడునే. సులువుగా ఇంట్లో చేసుకునే పరీక్ష అని అందరూ చెప్పే ఈ తొంగిచూపు మీద నాకు అంత గురి లేదు. చక్రం ఊడదీసి రెండు ప్యాడ్లూ చూసేదాకా అది సగం పరీక్షే.

ఇక కొలతలు. మనదగ్గర చాలా చిన్న కార్లకు ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలుతుంది కాబట్టి సగానికి పైగా పని ముందు చక్రాలే చేస్తాయి. అందుకే ముందు ప్యాడ్లు త్వరగా అరుగుతాయి, వెనక షూలు చాలా కాలం నిలుస్తాయి. ఒకే సర్వీసులో ముందు ప్యాడ్లు, వెనక షూలు, డిస్కులు, డ్రమ్ములు అన్నీ ఒక్కసారే అయిపోయాయని ఎస్టిమేటు వస్తే ఆ జాబితా బండిని చూసి రాసింది కాదేమోనని అడిగే హక్కు మనకుంది. ఒక పక్క ప్యాడు మారిస్తే రెండో పక్కదీ మార్చమనడం మాత్రం అతి కాదు. ఒకే ఇరుసు మీది రెండు చక్రాలూ సమానంగా పట్టకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది.

కొత్త ప్యాడు మీద రాపిడి పొర మామూలుగా 10 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. దాని వెనకుండే ఇనుప పలక మందం వేరు, దాన్ని కలిపి కొలవకూడదు. కొందరు తెలియక, కొందరు తెలిసీ కలిపేస్తారు. పొర 3 మిల్లీమీటర్లకు దిగితే మార్చుకొమ్మని వర్క్‌షాపులు చెబుతాయి. చాలా కంపెనీల చివరి హద్దు అంతకన్నా కాస్త తక్కువ. బ్రిటన్‌లో ఏటా జరిగే ఎంఓటీ పరీక్షలో 1.5 మిల్లీమీటర్లకన్నా పలచబడితే దాన్ని ప్రమాదకర లోపంగా రాస్తారు. అంటే 6 మిల్లీమీటర్లున్న ప్యాడును "అయిపోయింది" అన్నవాడు తొందరపెడుతున్నాడు, 2 ఉన్నదాన్ని "ఇంకో సర్వీసు దాకా లాగుతుంది" అన్నవాడు మనల్ని ప్రమాదంలోకి నెడుతున్నాడు. మధ్యలో 4 ఉంటే? అప్పుడు అరుగుదల వేగం చూడాలి. 30,000 కిలోమీటర్లలో పదినుంచి నాలుగుకు దిగిందంటే మిల్లీమీటరుకు 5,000 కిలోమీటర్లు. రోజూ సూళ్లూరుపేట దాకా హైవే మీద వెళ్లొచ్చే మనిషికి మూడుకు దిగడానికి ఇంకా కొన్ని నెలల వ్యవధి ఉంది. అదే 4 మిల్లీమీటర్లతో రేపు కుటుంబాన్ని ఎక్కించుకుని తిరుమలకు, అట్నుంచి అటే ఏలగిరికి వెళ్లేవాడు ముందే మార్చుకుంటే తప్పులేదు. ఒకే కొలతకు ఇద్దరికి రెండు జవాబులు, రెండూ సరైనవే. అందుకే పోయినసారి కొలత కాగితం మీద ఉండటం అవసరం. మన జాబ్ కార్డుల్లో "బ్రేకులు చెక్ చేశాం" అని టిక్కు కనిపిస్తుంది గాని అంకె కనిపించడం అరుదు.

డిస్కు మార్చాలన్న మాట ఖరీదైంది, కానీ దాన్ని తేల్చడం తేలిక. ఎంత సన్నబడితే పనికిరాదో ఆ కనీస మందం డిస్కు అంచు మీదనో మధ్యలోనో అచ్చువేసి ఉంటుంది. 22 మిల్లీమీటర్లతో వచ్చిన డిస్కుకు 20 హద్దుగా ఉండటం మామూలు. డ్రమ్ముకు దీనికి తిరగేసి, ఎంతవరకు వెడల్పు కావచ్చో గరిష్ఠ వ్యాసం రాసి ఉంటుంది. వెర్నియర్ కాలిపర్ లేదా మైక్రోమీటరు పెట్టి కొలిచి ఆ అంకెనూ అచ్చులోని అంకెనూ పక్కపక్కన చూపిస్తే వాదనే ఉండదు. వేలితో తడిమి "గీతలు పడ్డాయి చూడండి సార్" అనడం కొలత కాదు. సన్నటి గీతలు వాడిన ప్రతి డిస్కు మీదా ఉంటాయి. లోతైన గాట్లు, పగుళ్లు, ఉప్పు తిన్న గుంతలు వేరే సంగతి.

బ్రేకు వేసినప్పుడు స్టీరింగు వణికితే "డిస్కు వంగిపోయింది" అంటారు. నిజానికి చాలాసార్లు డిస్కు వంగదు. దాని మందంలో మిల్లీమీటరులో వందో వంతుల తేడాలు వస్తాయి, లేదా ప్యాడు పొర అక్కడక్కడా అంటుకుని ఎత్తుపల్లాలవుతాయి. చక్రం నట్లు ఒక్కోటి ఒక్కో బలంతో బిగించడం, డిస్కు కూర్చునే హబ్బు మీద తుప్పు శుభ్రం చేయకపోవడం కూడా కారణాలే. లేత్ మీద పెట్టి స్కిమ్మింగు చేశాక కూడా కనీస మందం మిగిలేటట్టుంటే కొత్త డిస్కు కొననక్కర్లేదు. మిగలకపోతే స్కిమ్మింగుకు పెట్టే డబ్బు దండగ. పోతే, అకస్మాత్తుగా గట్టిగా బ్రేకు నొక్కినప్పుడు పెడలు పాదం కింద టకటకా కొట్టుకోవడం జబ్బు కాదు, అది ఏబీఎస్ పనిచేస్తున్న తీరు. 2019 ఏప్రిల్ నుంచి మనదేశంలో అమ్మే కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి. దాన్ని చూసి బెదిరి షెడ్డుకు వచ్చేవాళ్లకు పని అంటగట్టడం చాలా తేలిక.

బ్రేకు ఆయిలు దగ్గర మోసం, నిర్లక్ష్యం రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. అందరూ ఆయిలు అంటారు గాని అది నూనె జాతి కాదు. పొరపాటున ఇంజన్ ఆయిలు పోస్తే మాస్టర్ సిలిండర్లోని రబ్బరు వాషర్లు ఉబ్బి బ్రేకే పోతుంది. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అమెరికా ప్రమాణం ప్రకారం కొత్త డాట్ 3 ద్రవం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకోదు, ఆవిరి నొక్కుకుంటుంది. పెడలు నేలదాకా దిగిపోతుంది, బండి ఆగదు. చాలా కంపెనీలు దీన్ని రెండేళ్లకోసారి మార్చమంటాయి. తడలాంటి తేమ ఊళ్లో ఆ గడువు దాటనివ్వడం నాకు నచ్చదు. అయితే ప్రతి సర్వీసులోనూ మార్చాలనే మాటకు ఆధారం లేదు. రంగు నల్లబడిందన్నది కూడా గట్టి సాక్ష్యం కాదు. తేమ కొలిచే చిన్న పరికరం ఉంటుంది, పెట్టి చూపించమనాలి.

ఇంకోటి. డబ్బాలో ఆయిలు మట్టం తగ్గితే లీకనే కంగారుపడక్కర్లేదు. ప్యాడ్లు అరిగేకొద్దీ కాలిపర్ పిస్టన్ ముందుకు జరుగుతుంది, ఆ ఖాళీలోకి ద్రవం దిగుతుంది, పైన మట్టం తగ్గుతుంది. డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలగడం ఒక్కోసారి ప్యాడ్లు అరిగాయని చెప్పడమే. "ఆయిలు తగ్గింది సార్" అని కాస్త పోసి దీపం ఆర్పినవాడు మర్యాదస్తుడే, తక్కువే తీసుకున్నాడు, కానీ వచ్చిన కబురును నోరు నొక్కి పంపేశాడు. ఎక్కువ పని చెప్పినవాణ్ని తిట్టుకుంటాం. ఇలాంటివాణ్ని మెచ్చుకుంటాం.

ఘాటు గురించి. తిరుమల కొండకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, రెండోది 1974లో. ఇప్పుడు పాతదాని మీద దిగుతారు, కొత్తదాని మీద ఎక్కుతారు. కొండకూ తిరుపతికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. మనుషులతో కలిపి 1,200 కిలోల కారు అంత ఎత్తు దిగేటప్పుడు వదిలే శక్తి, అదే కారును గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి ఇరవై అయిదు సార్లకు పైగా ఆపినదానికి సమానం. అందులో కొంత గాలికి, ఇంజనుకు పోతుంది. మిగతాదంతా డిస్కుల్లో, డ్రమ్ముల్లో వేడిగా మారుతుంది. న్యూట్రల్‌లో దిగేవాడు ఇంజను వంతు కూడా బ్రేకుల మీదే వేస్తాడు. రెండో గేరులో దిగేవాడి ప్యాడ్లు చల్లగా ఉంటాయి. దిగడానికి కనీసం ఇంత సమయం పట్టాలని దేవస్థానం పెట్టిన నిబంధన వెనక ఉన్నది ఈ భౌతికశాస్త్రమే. కాబట్టి "ఘాటెక్కుతున్నారు కదా" అన్న మెకానిక్కు మాట బెదిరింపులా వినబడినా అందులో నిజం ఉంది. ఆ నిజం డిస్కుల కన్నా ఎక్కువగా పాతబడ్డ బ్రేకు ఆయిలుకు వర్తిస్తుంది. డిస్కులు అమ్మజూపి, నాలుగేళ్లనాటి ఆయిలు ఊసెత్తని వాడు ఘాటు పేరు వాడుకుంటున్నాడు, అంతే.

ఇక బయటి ప్రపంచం ఈ అనుమానాన్ని ఎలా పరీక్షించిందో చూద్దాం. 1941లో రీడర్స్ డైజెస్ట్ పత్రిక తరఫున రోజర్ రీస్, జాన్ పాట్రిక్ అనే ఇద్దరు అమెరికా అంతా తిరిగారు. బాగున్న కారులో ఇంజను తీగ ఒకటి కావాలని ఊడదీసి గ్యారేజీకి తీసుకెళ్లడం వాళ్ల పద్ధతి. 48 రాష్ట్రాల్లో 347 గ్యారేజీలకు వెళితే 63 శాతం చోట్ల లేని జబ్బులు చెప్పారు, చేయని పనికి డబ్బు తీసుకున్నారు. చదవడానికి సరదాగా ఉంటుంది. కానీ అది తీగ కథ. బ్రేకుల కథ 1992లో కాలిఫోర్నియాలో బయటపడింది.

అక్కడి ఆటోమోటివ్ రిపేర్ బ్యూరో అధికారులు 1990 డిసెంబరు నుంచి ఏడాది పాటు మారువేషంలో సియర్స్ కంపెనీ ఆటో కేంద్రాలకు కార్లు తీసుకెళ్లారు. బ్రేకుల్లో చిన్న పని తప్ప మిగతాదంతా సరిగా ఉందని ముందే పరీక్షించి ఉంచిన కార్లు అవి. 38 సార్లు వెళితే 34 సార్లు అవసరం లేని పనులు చెప్పారు. అంత పెద్ద పేరున్న కంపెనీలో అందరూ దొంగలా? కాదు. ఇన్ని షాకబ్సార్బర్లు, ఇన్ని బ్రేకు పనులు అమ్మాలని సిబ్బందికి కోటాలు పెట్టారు, అమ్మినదాన్నిబట్టి కమిషన్ ఇచ్చారు. గొడవ బయటపడ్డాక సంస్థ ఆ కమిషన్ పద్ధతిని ఎత్తేసింది. ఈ కేసు నుంచి నేను తీసుకునేది ఒకటే: చక్రం విప్పి చూసే మనిషికి జీతం ఎక్కడినుంచి వస్తోందో తెలిస్తే అతని మాటకు ఎంత విలువివ్వాలో సగం తెలిసినట్టే. ఏసీ గది, టై కట్టుకున్న సర్వీస్ అడ్వైజరు, కంప్యూటరు బిల్లు ఉన్నంత మాత్రాన ఆ ప్రశ్న తప్పదు. రోడ్డు పక్క షెడ్డంటే అనుమానం, షోరూమంటే నమ్మకం అన్న మన అలవాటుకు సియర్స్ కథ గట్టి దెబ్బ.

ఆర్థికశాస్త్రంలో దీనికి ప్రత్యేకంగా ఒక శాఖే ఉంది. 1973లో మైకేల్ డార్బీ, ఎడి కార్నీ రాసిన వ్యాసం దానికి పునాది. మామిడిపండు కొన్నాక తింటే రుచి తెలుస్తుంది. బ్రేకు పని చేయించుకున్నాక కూడా ఆ పని అవసరమేనా అన్నది తెలియదు, ఎందుకంటే మార్చకపోయినా బండి అలాగే ఆగి ఉండేదేమో. జబ్బు చెప్పేవాడూ మందు అమ్మేవాడూ ఒకడే అయిన చోట ఈ చిక్కు తప్పదని వాళ్ల వాదన. పరీక్షను, మరమ్మతును విడదీస్తే మంచిదే, కానీ ఒకే విప్పుడుకు రెండుసార్లు కూలి ఇచ్చుకోవాలి. అందుకే విడదీయడం అంత తేలిక కాదనీ వాళ్లే చూపించారు.

దారిన పోయేవాడి ప్రశ్నకు వస్తే, హెన్రీ ష్నైడర్ అనే ఆర్థికవేత్త 2012లో అచ్చయిన అధ్యయనంలో ముందే లోపాలు అమర్చిన కారుతో తానే గ్యారేజీలు తిరిగాడు. కొన్నిచోట్ల మళ్లీ వచ్చే ఖాతాదారుడిలా, కొన్నిచోట్ల ఊరు విడిచి వెళ్లిపోతున్న మనిషిలా కనిపించాడు. మళ్లీ వస్తాడనుకున్న మనిషికి గ్యారేజీలు మరింత నిజాయితీగా పని చేస్తాయన్న ఆశ ఫలితాల్లో పెద్దగా నిలబడలేదు. అనవసరపు పనులు కనిపించాయి. అంతకన్నా ఎక్కువగా కనిపించింది, ఉన్న లోపాలను పట్టుకోలేకపోవడం. తడ షెడ్డులో మనం బెంగపడేది మొదటిదాని గురించే. నా దృష్టిలో బ్రేకుల విషయంలో రెండోదే ప్రాణాంతకం. అవసరం లేని ప్యాడు వేయించుకుంటే కొన్ని వేలు పోతాయి. బిగుసుకున్న పిన్ను చూడకుండా "అంతా ఓకే సార్" అని పంపిస్తే పోయేది వేరు. పైగా మోసపోతామన్న అనుమానం బాగా ముదిరినవాడు అసలు చూపించుకోవడమే మానేస్తాడు. ఇనుప పలక డిస్కును కోసేదాకా నడుపుతాడు, అప్పుడు ప్యాడుతో పోయేది డిస్కు దాకా వస్తుంది.

ఇంకో అధ్యయనం మన ఇళ్లలో పనికొస్తుంది. మెఘన్ బస్సీ, ఆమె సహచరులు అమెరికాలోని గ్యారేజీలకు ఫోన్లు చేయించి 2003 మోడల్ క్యామ్రీకి రేడియేటర్ మార్చడానికి ధర అడిగించారు. ధర గురించి ఏమీ తెలియదన్నట్టు అడిగితే ఆడవాళ్లకు మగవాళ్లకన్నా ఎక్కువ చెప్పారు. మామూలు ధర 365 డాలర్లని తెలిసినట్టు అడిగితే ఆ తేడా మాయమైంది. కారు ఎవరి పేరున ఉన్నా సర్వీసుకు మగవాళ్లే వెళ్లాలనే మన ఇళ్లకు ఇది వినిపించాల్సిన మాట. అంకె తెలిస్తే చాలు, అడిగే గొంతు ఎవరిదైనా ఒకటే. మన దగ్గర కంపెనీ విడిభాగం పెట్టె మీద ఎమ్మార్పీ ఉంటుంది, 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతం. షెడ్డుకు వెళ్లేముందు ఫోన్లో రెండు నిమిషాలు చూసుకుంటే ఆ అంకె చేతిలో ఉంటుంది.

మన షెడ్లలో కమిషన్ కోటాలు ఉండవు, అయినా ఒత్తిడి ఉంది. చక్రం విప్పి, డ్రమ్ములో దుమ్ము తీసి, పిన్నులకు గ్రీజు పెట్టి, హ్యాండ్ బ్రేకు బిగించి మళ్లీ కట్టడం గంటన్నర పని. దానికి మనం ఇచ్చే లేబరు చార్జీ చూసి మెకానిక్కుకు నవ్వొస్తుంది. అదే ప్యాడ్ల సెట్టు వేస్తే విడిభాగాల కొట్టువాడు ఇచ్చే మార్జిన్ మిగులుతుంది. శుభ్రం చేయడానికి డబ్బు రాని చోట మార్చడమే వైద్యం అవుతుంది. మార్జిన్ ఎక్కువున్న లోకల్ మాల్ కంపెనీ పెట్టెలో వచ్చే ప్రమాదమూ అక్కడే పుడుతుంది. ఇందులో మన వాటా కూడా ఉంది. "చూసినందుకు కూడా డబ్బులా?" అని బేరమాడేది మనమే.

చట్టం ఎంతవరకు ఆదుకుంటుంది? 2014 ఆగస్టు 25న కాంపిటిషన్ కమిషన్ ఇచ్చిన తీర్పు ఈ రంగంలో పెద్దది. షంషేర్ కటారియా అనే వ్యక్తి ఫిర్యాదుతో మొదలైన ఆ కేసులో 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల జరిమానా పడింది. విడిభాగాలు, మరమ్మతు వివరాలు బయటి గ్యారేజీలకు కూడా అందుబాటులో ఉంచాలని, బయట పని చేయించుకున్నారన్న ఒక్క కారణంతో వారంటీ రద్దు చేయకూడదని కమిషన్ ఆదేశించింది. 2022 డిసెంబరులో కేంద్రం మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. డిస్కు కనీస మందం ఎంతో, నట్టు ఎంత బలంతో బిగించాలో కంపెనీ పుస్తకంలో ఉన్నది సూళ్లూరుపేట మెకానిక్కుకూ తెలిసినప్పుడే అతను ఊహ మీద కాకుండా అంకె మీద మాట్లాడగలడు. మోసం జరిగాక వినియోగదారుల చట్టం ఉంది. 2019 చట్టం కింద జిల్లా కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయొచ్చు. కానీ కమిషన్ ముందు నిలబడాలంటే పాత భాగం, రాతపూర్వక ఎస్టిమేటు, బిల్లు చేతిలో ఉండాలి. కాలిఫోర్నియాలో పాత భాగం అడిగి తీసుకోవడం చట్టమిచ్చిన హక్కు. మన దగ్గర ముందే నోటితో అడగాలి: "విప్పిన ప్యాడ్లు డిక్కీలో పెట్టన్నా." ఈ ఒక్క మాట పని మొదలవకముందే అంటే, ఆ తర్వాతి సంభాషణ స్వరమే మారుతుంది.

పరీక్షను మరమ్మతు నుంచి విడదీసే పని మనదేశంలో ఒకచోట మొదలైంది. 2021లో కేంద్రం తెచ్చిన ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్ల నిబంధనల ప్రకారం అక్కడ వాహనాన్ని పరీక్షించడమే తప్ప మరమ్మతులు చేయకూడదు, విడిభాగాలు అమ్మకూడదు. రోలర్ల మీద చక్రాలు తిప్పి ఏ చక్రం ఎంత బలంగా ఆగుతోందో యంత్రం చెబుతుంది. ఉత్తర ఐర్లండ్‌లో ప్రభుత్వ కేంద్రాలు చాలాకాలంగా చేస్తున్నది ఇదే. చిక్కేమిటంటే మన సొంత కార్లకు ఫిట్‌నెస్ పరీక్ష రిజిస్ట్రేషన్ అయిన 15 ఏళ్లకు గాని రాదు. బ్రిటన్‌లో మూడేళ్లు నిండిన కారు ఏటా పరీక్షకు వెళుతుంది. అంటే తడలో కారు నడిపే మనిషికి ఏ లాభమూ ఆశించకుండా తన బ్రేకులు కొలిచి చెప్పేవాడు పదిహేనేళ్ల దాకా ఎవడూ లేడు.

అలాంటివాణ్ని మనమే తయారు చేసుకోవచ్చు. తెలిసిన షెడ్డుకు వెళ్లి, "ఈరోజు ఏమీ మార్చొద్దు. నాలుగు చక్రాలూ విప్పి, లోపలి ప్యాడు ఎంత, బయటిది ఎంత, డిస్కు ఎంత, ఆయిల్లో తేమ ఎంత, కాగితం మీద రాసివ్వు. నీ గంటన్నర కూలి ఇంత" అని ముందే ఇచ్చేయాలి. మార్చే పని ఉంటే ఇంకోచోట చేయించుకునే స్వేచ్ఛ మనకుంటుంది, మార్చకపోతే నష్టపోయే భయం అతనికి ఉండదు. షెడ్లవాళ్లకు మొదట్లో వింతగా ఉంటుంది, కొందరు "చూడ్డానికి డబ్బులెందుకు సార్, ఊరికే చూస్తాలే" అంటారు. ఊరికే చూడనివ్వకూడదు.

పెడలు మీద కాలు పెట్టి ఉంచితే మెల్లగా కిందికి దిగిపోతున్నా, చక్రం లోపలి వైపు తడి కనిపించినా, ఇనుము ఇనుమును కోస్తున్న చప్పుడు వస్తున్నా ఈ లెక్కలేవీ వర్తించవు. అప్పుడు బండి అక్కడే ఆపి, దగ్గరున్న షెడ్డువాడు ఎవడైతే వాడి చేతే విప్పించాలి. ధర సంగతి పని మధ్యలో మాట్లాడుకోవచ్చు.